ఇంజిన్‌గాడు ఎవరి పోలిక?

కరోనా మొదటిసారి వచ్చిపోయిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. బద్వేలు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో నేను వెటర్నరీ అసిస్టెంటును. అంటే డాక్టరు చెప్పిన పని చేసేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం నన్ను డాక్టరు సార్ అనేవాళ్ళు. రిటైరయ్యేదాకా ఒక్కరికీ కాదని చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి ఆ లెక్క సరిపోయింది.

ఆ రోజు పొద్దున్నే ఓబుళరెడ్డి అనే రైతు ఫోన్ చేశాడు. నమస్కారం లేదు, సార్ లేదు.

"నువ్వు ఏసిన సూదికి పుట్టినోడు మా తమ్ముణ్ణి కుమ్మేసినాడప్పా. పక్కటెముకలు ఇరిగినాయి. కడపలో ఆసుపత్రిలో ఉండాడు. నువ్వొచ్చి జవాబు చెప్పాల."

మా ఊళ్ళలో సూది అంటే రెండు. జ్వరానికి వేసేది ఒకటి, ఎదకొచ్చిన ఆవుకు ఆబోతు లేకుండా చూలు కట్టించేది ఇంకొకటి. రెండోది నిజానికి సూదే కాదు. మేలుజాతి ఆబోతు వీర్యాన్ని సన్నని పుల్లలాంటి గొట్టంలో నింపి గడ్డకట్టించి దాస్తారు. దాన్ని సెమెన్ స్ట్రా అంటాం. అవసరమైనప్పుడు కరిగించి ఆవు గర్భంలోకి వదులుతాం. ఓబుళరెడ్డి ఒంగోలు ఆవు గౌరికి నాలుగేళ్ళ కిందట ఆ పని చేసింది నేనే. పుట్టిన కోడెకు వాళ్ళు ఇంజిన్ అని పేరు పెట్టుకున్నారు.

బండి వేసుకుని పోయాను. దొడ్డి చుట్టూ కడప బండలు నిలువునా పాతి ఉన్నాయి. లోపల ఇంజిన్. ఏనుగంత ఉన్నాడు. సరే, ఏనుగంత కాదు, నా భుజం ఎత్తున్నాడు. నన్ను చూడగానే తల దించి, కాలితో మట్టి చిమ్మి, ఒక్క పోటుకు నాలుగు బండలు విరగ్గొట్టాడు. విరిగింది ఒకటే. అదీ అంతకు ముందే చీలి ఉండిందని తర్వాత తెలిసింది. కానీ ఆ చప్పుడుకు నా చేతిలోని బ్యాగు కింద పడిన మాటలో మాత్రం అబద్ధం లేదు.

నాకు అసలు దిమ్మ తిరిగింది కోడెను చూసి కాదు, గేటు బయట చూసి. పక్క ఊళ్ళ నుంచి రైతులు ఆవుల్ని తోలుకుని వచ్చి వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు.

"ఏందప్పా ఇది, పరామర్శకు వచ్చినారా?" అన్నాను.

"లేద్సార్, మా ఆవును ఈ కోడెతో దాటించుకుందామని," అన్నాడు చెన్నయ్య అనే పెద్దాయన. "మనిషిని ఎత్తి అంత దూరం ఇసిరినాడంట. ఎంత పొగరుండాలా! మాకూ అట్లాంటి కోడె పుడితే బండలాగుడులో ఎదురుంటాదా?"

మనిషి ఆసుపత్రిలో ఊపిరి తీసుకోలేక పడి ఉంటే, వీళ్ళు అదే కొమ్ము కోసం వరుసలో కూర్చున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పశువుల్ని చూసి భయపడ్డాను గానీ, మనుషుల్ని చూసి అంతగా ఎప్పుడూ భయపడలేదు.

ఓబుళరెడ్డి నా మీదికి వచ్చాడు. "వీళ్ళ సంగతి ఇడ్చిపెట్టు. ఏ రాకాసి ఆబోతు సూది ఏసినావు మా ఆవుకు?"

ఆ ఆబోతును నేను ఎరుగుదును. ట్రైనింగుకు పోయినప్పుడు, ఈ స్ట్రాలు తయారుచేసే సెమెన్ స్టేషన్లో చూశాను. దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరాను కూడా. నిమరలేదు లెండి, కమ్మీల ఇవతల నిలబడి చూశాను. అయితే ఒక ఆడమనిషి ముక్కుతాడు పట్టుకుని దాన్ని మేకపిల్లలా నడిపించుకుపోవడం నా కళ్ళతో చూశాను. అక్కడ మనిషి మీదికి దూకే ఆబోతును వాళ్ళు ఉంచుకోరు కూడా. ఆ మాటే చెప్పాను.

"తండ్రి అంత నెమ్మదైతే ఈడు ఎవరి పోలికప్పా మరి?"

"నీ ఆవు ఎట్లాంటిది?"

"గౌరా? సాక్షాత్తూ లచ్చిమి. దాన్ని ఒక మాట అంటే కళ్ళు పోతాయి సార్."

గౌరి వెనక కొట్టంలో ఉంది. ఈని వారమైనా కాలేదు, పక్కనే కోడెదూడ. నేను సూది వేసిన రోజు ఆసుపత్రిలో దాన్ని ట్రావిస్‌లో, అంటే పశువు కదలకుండా నిలబెట్టే ఇనప చట్రంలో కట్టి ఉంచారు. ఎదకు ఎప్పుడొచ్చింది, ఎన్నో ఈత అని అడిగాను గానీ, గుణం ఎట్లాంటిదని అడగలేదు. మాలో ఎవరమూ అడగం. లచ్చిమిని చూస్తే పోలా అని కొట్టంలోకి అడుగు పెట్టాను.

"వద్దు సార్!" అని ఓబుళరెడ్డి భార్య నారాయణమ్మ అరిచేసరికే ఆలస్యమైంది. పలుపు తెంచుకుని గౌరి వచ్చింది. నేను పదడుగుల గోడ ఒక్క దూకున దాటాను. గోడ నా నడుము దాకే ఉంది, దాటించింది కూడా గౌరి కొమ్మే. పడింది పేడదిబ్బలో కాబట్టి బతికాను.

నారాయణమ్మ నన్ను లేపి కూర్చోబెట్టి, నవ్వు ఆపుకుంటూ నీళ్ళిచ్చింది.

"ఈనిన ఆవు గదా సార్. బిడ్డ మీద ప్రేమ."

"ఈనినప్పుడే ఇట్లా చేస్తాదామ్మా?"

"ఈనకపోయినా ఇంతే. కొత్త చీర కట్టుకోని పోయినా కుమ్మను వస్తాది. రోజూ కాళ్ళు కట్టేసే పాలు పిండుతాండా." జాకెట్టు చెయ్యి పైకి జరిపి పాత మచ్చ చూపించింది. "దీని అమ్మా అట్లాంటిదే. నేను కాపరానికి వచ్చినప్పట్నుంచీ చూస్తాండా."

అమ్మమ్మ, తల్లి, ఇప్పుడు కోడె. ఒకే గుణం మూడు తరాలుగా ఆ కొట్టంలోనే ఉంది. ఆవు కుమ్మితే దాన్ని ప్రేమ అన్నారు, కోడె కుమ్మితే పొగరు అన్నారు. పేర్లు రెండు కావడంతో అది ఒకటేనని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఓబుళరెడ్డికి నాకు తెలిసినంత చెప్పాను. కోపం కొంత పెంపకం, కొంత రక్తం. రక్తమనేసరికి మనం తండ్రి వైపే చూస్తాం. దూడకు సగం తల్లి నుంచి కూడా వస్తుంది. ఈ కోడెను ఆబోతుగా వదిలితే, ఇంకో మూడేళ్ళకు ఇంటింటా ఒక ఇంజిన్ తిరుగుతాడు.

"అయితే?"

"వట్టలు నొక్కించాల. బర్డిజోతో." బర్డిజో అంటే పెద్ద పటకారు లాంటిది. చర్మం తెగకుండా లోపలి నరాన్ని నొక్కేస్తుంది.

గేటు దగ్గర గోల లేచింది. "మగసిరి తీసేస్తారంటనే!" అన్నాడు చెన్నయ్య. ఓబుళరెడ్డి ఎటూ తేల్చుకోలేక తమ్ముడికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల నుంచి మాట తెగి తెగి వచ్చింది.

"అన్నా... కింద పడినాక కూడా ఇడ్సలేదన్నా. నా రొమ్ము మీద మోకాళ్ళు ఆనించి నొక్కినాడు. వాని కళ్ళల్లోకి చూసినా. నేను ఇంకో కోడెను కాదు, వానికి మేతేసేవోణ్ణి. ఆ సంగతి వానికి తెల్సు. తెల్సీ నొక్కినాడన్నా."

ఓబుళరెడ్డి ఫోన్ పెట్టేసి, "కానీయ్ సార్," అన్నాడు.

మా డాక్టరమ్మను పిలిపించాను. ఆమె దూరం నుంచే గొట్టంతో సూది ఊది మత్తుమందు ఎక్కించింది. బర్డిజో నేనొక్కణ్ణే నొక్కాను అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నలుగురు పట్టుకున్నారు, నొక్కింది డాక్టరమ్మే.

పని అయ్యాక చేతులు కడుక్కుంటుంటే చెన్నయ్య ఓబుళరెడ్డి పక్కకు చేరాడు.

"పోనీలేప్పా, కోడె పోయె. పొగరు తల్లి నుంచే వస్తాదని సారే చెప్పె గదా. ఆ కొత్త దూడ యాడికీ పోనీయాకు, నాకియ్యి. నువ్వు చెప్పిన రేటే."

అంతసేపు గొంతు చించుకుని చెప్పింది ఆ దూడకు సిఫారసు అయి కూర్చుంది. వెనకాల ఇంకో ఇద్దరు "మేమూ ఉండామప్పా" అంటున్నారు. ఓబుళరెడ్డి కళ్ళల్లో ఆశ మళ్ళీ మెరవడం చూశాను.

అప్పుడు నారాయణమ్మ లోపలి నుంచి పాలచెంబు తెచ్చి చెన్నయ్య ముందు పెట్టింది.

"ఇస్తాం మామా. ముందర దీని తల్లికి పాలు పిండుకోని రా."

చెన్నయ్య చెంబు వైపు చూశాడు, కొట్టం వైపు చూశాడు. తన ఆవును విప్పుకుని దారి పట్టాడు. వాళ్ళ ఆవుల్ని విప్పుకుని మిగతావాళ్ళూ వెనకే పోయారు. ఆ దూడకు ముక్కుతాడు ఎక్కకముందే బర్డిజో పడింది. గౌరికి ఆ ఇంట్లో మళ్ళీ సూది వేయించలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరైనా ఆవును తోలుకొస్తే ఏ ఆబోతు స్ట్రా కావాలని ముందు అడగలేదు. ఇంట్లో పాలు పిండేది ఎవరని అడిగేవాణ్ణి. ఆమెను పిలిపించి, చేతుల మీద కొమ్ము మచ్చలున్నాయేమో చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టేవాణ్ణి.