ఓదెలు కుట్టిన సీట్లు

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర కారు సీట్ల ఓదెలు ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా నా దుకాణం చూపిస్తారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. లెక్కల్లో మాత్రం నేనే మొదటివాణ్ణి. పదిహేడో ఏట పట్నం వచ్చి, పంతొమ్మిదో ఏట సొంత మిషన్ పెట్టుకున్నాను. ఒక మంత్రిగారి అంబాసిడర్‌కు తెల్ల టవల్ గుడ్డ కవర్లు కుట్టింది నేను. లాల్‌దర్వాజా, మాదన్నపేట పెళ్లికొడుకులు ఎక్కిన ఫియట్లలో సగానికి ఎర్ర మఖ్మల్ వేసింది నేను. రెండు వరసల కుట్టు, నైలాన్ దారం, ప్రతి మూలకూ ముడి. యాభై ఏళ్లలో కుట్టు ఊడిందని ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో సీటు విప్పడమంటే పెద్ద పని. లోపల స్ప్రింగులు, వాటి మీద కొబ్బరి పీచు, ఆ పైన దూది. ఎండకు వేడెక్కిన రెగ్జిన్ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. సీటు మీద అరచెయ్యి పెట్టి అదిమితే చాలు, ఏ స్ప్రింగు విరిగిందో చెప్పేవాణ్ణి. మారుతి వచ్చి స్పాంజి సీట్లు తెచ్చినప్పుడు, ఈ బొమ్మ కారు రెండేళ్లు కూడా ఉండదన్నాను. ఆ ఒక్క మాటా తప్పింది, ఒప్పుకుంటాను.

పని తగ్గినా నా మాటకు విలువ తగ్గలేదు. ఆదివారం పొద్దున టీ హోటల్లో పేపర్లో కార్ల పేజీ పైకి చదివి, ఏ బండి మంచిదో, ఏది కాదో నేనే చెబుతాను. బాబురావు ఎదురు కూర్చుంటాడు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. కళ్లజోడు ఉన్నా ఇంట్లో పెట్టి వస్తాడు.

రెండు నెలల కింద ఒక ఆదివారం కరెంటు కార్ల మీద వాదన మొదలైంది.

"సప్పుడే లేని బండి ఏం బండే, ఓదెలు? ఎన్కకెల్లి వచ్చి గుద్దేదాంక ఎర్కనే ఉండది," అన్నాడు బాబురావు.

"నీ బస్సు సప్పుడుకు చాంద్రాయణగుట్టల ఉన్నోళ్లు లేచేటోళ్లు. నీకు గదే కావాలె."

అందరూ నవ్వారు. నేను రెండో వార్త అందుకున్నాను. కొత్త కార్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉంటున్నాయట. స్టీరింగులోనే కాదు, ముందు సీట్ల వీపు భాగంలో తలుపు వైపు కూడా ఒకటి ఉంటుందట. పక్కనుంచి ఏదైనా కారును గుద్దితే అక్కడి సన్నకుట్టు తెగి సంచి ఉబ్బి బయటికి రావాలి. అందుకని...

అక్కడ పైకి చదవడం ఆపేశాను.

"ఏందే, పేపర్ల అక్షరాలు అయిపోయినయా?" అన్నాడు బాబురావు.

ఆ తర్వాతి వాక్యం నేను కళ్లతో చదివేశాను. అలాంటి సీట్ల మీద బిగుతు కవర్లు వేస్తే సంచి తెరుచుకోదు, మనిషికే ప్రమాదం.

అప్పటికి ఇరవై రోజుల ముందు మా గల్లీ అమల కొత్త కారు కొన్నది. బ్యాంకులో పని చేస్తుంది, తనే నడుపుకుంటుంది. సీట్ల కవర్లకు నా దగ్గరికే వచ్చింది. కొలతలు తీస్తుంటే ముందు సీటు పక్కన ఒక సన్నదారం కుట్టు కనబడింది. గోటితో లాగితే తెగేలా ఉంది. "సూడు బిడ్డా, ఇన్ని లక్షలు తీస్కొని కంపెనోళ్లు ఎసొంటి దారం ఏసిన్రో. నేను పైకెల్లి డబుల్ కుట్టేస్త, నువ్వు ముసలిదానివైనా తెగది," అన్నాను. పక్కనే ఇంగ్లీషు అక్షరాల గుడ్డముక్క ఒకటి వేలాడుతుంటే చదవకుండానే లోపలికి మడిచాను. చదవరాక కాదు. అందం చెడుతుందని.

ఆ వాక్యం నేను మింగేస్తే హోటల్లో ఎవరికీ తెలియదు. బాబురావు దగ్గర అద్దాలు లేవు. మిగతావాళ్లు నా నోరే చూస్తారు. కానీ అమల ఆ రోజు పది గంటలకు అత్తనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని శ్రీశైలం బయలుదేరుతోంది. ఘాట్ రోడ్డు. గోడ గడియారంలో తొమ్మిది దాటింది.

పేపరు మడిచి లేచాను. "బాబురావు, నేను తప్పు చేసిన. దా."

యాభై ఏళ్లలో ఆ మాట నేను అనగా ఎవరూ వినలేదు. బాబురావు టీ సగంలో వదిలేసి నా వెంట వచ్చాడు.

దుకాణంలో కుట్టు విప్పే కత్తి తీసుకుని వెళ్లేసరికి అమల డిక్కీలో సామాను సర్దుతోంది.

"ఓదెలు బాపూ, మంచిగ టైముకు వచ్చినవ్. మా అత్త నీ కవర్లు సూశి మస్తు మురిసింది."

"ముంగట సీట్లయి తీసేయాలె, బిడ్డా."

"ఎందుకు బాపూ? ఏమైంది?"

చెప్పాలి. చివరకు పేపరు ఆమె చేతిలో పెట్టి, ఆ వాక్యం మీద వేలు ఉంచాను. అమల చదివింది. తల ఎత్తి ఒకసారి కారు వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"మూడు వారాల నుంచి గిట్లనే నడుపుతున్ననా?"

"నడుపుతున్నవ్. నా మూలంగనే."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బ్యాగు కింద పెట్టి, "విప్పు బాపూ. లేటయితే కానీ," అంది.

నా కుట్టు నాకే లొంగలేదు. రెండు వరసలు, ప్రతి మూలా ముడి. కత్తి జారి వేలు తెగింది. బాబురావు గుడ్డ పట్టుకుని లాగుతూ, "ఏం ముడులే ఇవి? ఎడ్లను కట్టేస్తున్నా అనుకున్నవా?" అని తిట్టాడు. రెండు సీట్లకు గంటకు పైనే పట్టింది. ఆఖరు ముడి విడిపోయాక కంపెనీ కుట్టు బయటపడింది. మడిచిన గుడ్డముక్కను సాఫు చేసి ఈసారి చదివాను: ఎయిర్‌బ్యాగ్. ఆ సన్నదారాన్ని చాలాసేపు చూశాను. మిగతా సీటంతా బలమైన దారం, అక్కడ జానెడు మాత్రమే తెగే దారం. పిసినారితనం కాదది. సరైన క్షణంలో తెగేలా ఎవరో కొలిచి, కూర్చుని కుట్టారు. నేను మిషన్ పట్టిన నాటి నుంచీ తెగకూడదనే కుట్టాను. తెగడానికి కుట్టాలంటే ఎంత పనితనం కావాలో నాకు తెలుసు.

అమల పదకొండున్నరకు బయలుదేరింది. పోతూ కిటికీలోంచి అడిగింది, "ఇంకెన్ని కొత్త బండ్లకు కుట్టినవ్, బాపూ?"

వేళ్ల మీద ఎంచుకుంటే ఎనిమిది తేలాయి. నాలుగు రోజులు బాబురావు స్కూటర్ మీద తిరిగాను. ఏడు బండ్ల ముందు సీట్లు విప్పాను. ఒకాయన తిట్టాడు, ఒకామె టీ ఇచ్చింది. ఆఖరుది మాదన్నపేటలో కూరగాయల మైసయ్యది. మార్కెట్ పక్కన కారు ఆపుకుని నిలబడ్డాడు, తాళం ఇవ్వనన్నాడు.

"ఎందుకు విప్పుతవ్, అన్నా? నీ కుట్టు మంచిదనే గద నీకు ఇచ్చిన. మా సడ్డకునికి సూపెట్టిన, ఓదెలన్న పని అని."

"మంచిదే, మైసయ్యా. మస్తు మంచిగ కుట్టిన. గందుకే విప్పాలె."

ఒప్పుకోలేదు. నేను కూడా కదల్లేదు. టమాట గంప బోర్లించుకుని ఆయన కారు ముందు కూర్చున్నాను. పేపరు తీసి ఆ వార్త మొదటి నుంచి పైకి చదివాను, ఒక్క వాక్యం కూడా వదలకుండా. బేరాలు ఆపి జనం మూగారు. చదవడం అయిపోయాక, "గీ బండికి గసొంటి కవర్లు కుట్టిందెవలు?" అని ఎవరో అడిగారు.

"నేనే," అన్నాను.

మైసయ్య తాళం నా ఒళ్లో వేశాడు.