ఉల్లంకి గూడు పక్కన పిండం

యాంగోన్‌లో కాకులకు కరువేమిటి? మేడమీద పిండం పెట్టి చేతులు కడుక్కునేలోగా విస్తరి ఖాళీ చేసేస్తాయి. అమ్మ మొదటి సంవత్సరీకానికి మాత్రం నేను కాకి అన్నదే లేని చోట ఉన్నాను.

చలికాలమంతా సేక్కాన్ రేవు దిగువన బురదలో మేసే ఉల్లంకి పిట్టలంటే నాకు పిచ్చి. కొట్టు అక్కకి వదిలేసి దుర్భిణీతో ఒడ్డున కూర్చునేవాణ్ణి. ఆ పిచ్చి చూసే, అవి గుడ్లు పెట్టే ఉత్తరధ్రువపు టండ్రాకి, వాటిని లెక్కపెట్టడానికి రేవుకొచ్చే పరిశోధకులు నన్నూ ఒక వేసవి తీసుకెళ్లారు. అక్క వద్దనలేదు. నల్ల నువ్వులు పొట్లం కట్టి ఇచ్చింది.

"అమ్మకి ఒక్క కొడుకువి. కాకి లేకపోతే ఏదో ఒక పిట్టకి పెట్టు" అంది.

అక్కడ చెట్టూ లేదు, పుట్టా లేదు. నాచు, నీటి మడుగులు, ఈదురుగాలి. జట్టు పెద్దావిడ మొదటి రోజే చెప్పింది, డేరా బయట మెతుకు పడకూడదని. వాసనకి నక్క వస్తుందట, వస్తే గూళ్లు మిగలవట. నా వంతుకొచ్చిన గూట్లో నాలుగు గుడ్లు. తల్లిపిట్ట కాలికి గుర్తుగా పచ్చ పట్టీ మేమే కట్టాం. గంటల తరబడి దాన్ని చూస్తూ చలికి వణుకుతూ నేను సుఖంగా ఉన్నాను.

అమ్మ తిథి వచ్చింది. పెద్దావిడని అడిగితే కాదంటుందని అడగలేదు. అన్నంలో నువ్వులు కలిపి, గూటికి పది అడుగుల దూరంలో రాతిమీద ముద్ద పెట్టాను. నేను కాపలా కూర్చునేది అక్కడే మరి. ఏ పిట్టా రాలేదు. అమ్మకి ఏం కోరిక మిగిలిపోయిందో అని దిగులుపడుతుంటే నక్క వచ్చింది. ముద్ద తింది. రాయి నాకింది. ముక్కు నేలకి ఆనించి తిన్నగా గూటి దగ్గరకి వెళ్లింది. అరుస్తూ పరుగెత్తాను కానీ, అప్పటికే అంతా అయిపోయింది. పచ్చ పట్టీ పిట్ట చాలాసేపు ఆ ఖాళీ గూటి చుట్టూ తిరిగింది.

జట్టు గూళ్ల లెక్క రాసే పుస్తకంలో గుడ్లు నక్క తినేసిందని రాశాను. ఎందుకొచ్చిందో రాయలేదు. ఇంటికొచ్చాక పిట్ట ముట్టిందా అని అక్క అడిగితే ముట్టిందన్నాను. పిరికివాణ్ణి.

ఆ చలికాలం రేవు బురదలో ప్రతి పిట్ట కాలూ వెతికాను. పచ్చ పట్టీ కనబడలేదు. రెండో సంవత్సరీకంనాడు, అక్క అన్నం కలుపుతుంటే ఇక ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చెయ్యి ఆపి నావైపు చూసింది.

"అమ్మ ఎప్పుడైనా పిల్లలకి పెట్టకుండా తిందేట్రా? ఆ పిట్ట పిల్లల ఉసురు తీసిన ముద్ద అమ్మకి చేరలేదు."

ఏడ్చేశాను. అక్క ఇంకాస్త అన్నం తీసి, అమ్మ ముద్ద పక్కన నాలుగు చిన్న ముద్దలు చేసి పెట్టింది. మేడమీద విస్తరి పెట్టి ఇద్దరం వెనక్కి జరిగాం. కాకులు దిగాయి. పెద్ద ముద్దని వదిలి, ముందు ఆ చిన్న ముద్దలే తిన్నాయి.