మద్రాసు సీరియల్‌కు ఓనరవ్వ చెప్పిన ముగింపు

ఓనరవ్వ పోయింది. అమ్మ ఫోన్‌లో ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమెతో తేల్చుకోవాల్సిన గొడవ ఒకటి మిగిలే ఉంది. చచ్చి కూడా తనదే పైచేయి చేసుకుంది ఆ మనిషి.

తిరుచానూరులో ఆమె ఇంటి వెనక వాటాలో నేనూ అమ్మా అద్దెకు ఉండేవాళ్లం. బక్కెట్టు చప్పుడైతే తిట్టేది, గేటు గట్టిగా వేస్తే తిట్టేది. "బాడుక్కిచ్చింది ఇల్లే, నా చెవులు గాదు" అనేది. ఆమె నోటికి వీధి కుక్కలు కూడా తోక ముడిచేవి. అయినా వారానికొక సాయంత్రం వీధంతా ఆమె హాల్లోనే ఉండేది. టీవీ ఆమెది, మద్రాసు స్టేషన్ వైపు తిప్పిన యాంటెన్నా ఆమెది, అన్నిటికంటే ముఖ్యంగా అరవం ఆమెది. పూల బేరానికి సరిపడా అరవం మాలో చాలామందికి వచ్చు. సీరియల్ మాటలు పట్టుకునేంత అరవం తిరుత్తణిలో పుట్టిన ఓనరవ్వకే వచ్చు. ప్రతి డైలాగూ ఆమె తెలుగులో చెబితేనే మాకు కథ.

ఆ సీరియల్లో ఒకామె మొగుడు మాయమైపోతాడు. అప్పట్నుంచి మూతబడ్డ రైసుమిల్లులో కంబళి కప్పుకున్న మనిషెవరో రోజూ లాంతరు వెలిగిస్తుంటాడు. మొహం మాత్రం చూపించరు. వాడెవడు? ఈ ప్రశ్న నెలల తరబడి మా వీధికి నిద్ర లేకుండా చేసింది.

"అది మొగుడి దయ్యమే" అనేది పూలమ్మే ఆమె.

"దయ్యానికి అగ్గిపెట్టె యాడిదే?" అని ఓనరవ్వ కసురుకునేది.

"మొగుడి తమ్ముడమ్మా, ఆస్తి కోసరం" అనేవాడు లాడ్జి వాచ్‌మన్.

"ఆస్తి కావాలంటే కోర్టుకు పోతాడు గానీ, మిల్లులో దీపం పెట్టుకోని కూసుంటాడా? నీ మొగం!"

నా వాదన ఒకటే. వాడు మొగుడే, బతికే ఉన్నాడు, ఆఖరికి ఇంటికొస్తాడు. అందరికీ ఎదురు ప్రశ్న వేసే ఓనరవ్వ నన్ను మాత్రం "నోరు ముయ్యే" అనేది, అంతే.

నేనెందుకు అంత పట్టుబట్టానో చెప్పాలి. అప్పటికి మా నాయన ఇల్లు వదిలి ఏడాది దాటింది. అలా పోవడం మొదటిసారి కాదు. పోయినప్పుడల్లా ఇంట్లోంచి ఏదో ఒకటి పట్టుకుపోయేవాడు. చివరిసారి అమ్మ కుట్టుమిషను. తిరిగొచ్చినప్పుడల్లా అమ్మ తలుపు తీసేది. చేత్తో చీరలకు ఫాల్స్ కుట్టి కుట్టి ఆమె ఇంకో మిషను కొనుక్కుంది, దాని మీదే మా బతుకు. నాకు అవేవీ పట్టలేదు. నాయన కావాలి, అంతే. లాంతరు మనిషి ఇల్లు చేరితే నాయనా చేరతాడని అమ్మవారికి మొక్కుకున్నాను.

చివరి భాగం వచ్చింది. తలుపు చప్పుడైంది, ఆమె తీసింది, వాడు కంబళి తీసేశాడు. మొగుడే! ఎగిరి గంతేశాను. ఆమె చేతులు జోడించి ఏడుస్తూ ఏదో అంటోంది. సరిగ్గా అప్పుడు ఓనరవ్వ లేచి టీవీకి అడ్డంగా నిలబడింది.

"అడ్డం లెయ్యి అవ్వా!" అని అరిచాను. కదలలేదు.

"'నీకో దండం. వచ్చిన దోవనే పో. ఈ ఇంట్లో నీది ఏమీ ల్యా' అంటాండాది" అని, చెయ్యి వెనక్కి పెట్టి టీవీ కట్టేసింది. "అయిపోయినాది. లేయండి, కరెంటు ఊరికే రాదు."

పేర్లు పడేదాకా టీవీ ఉంచడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం నాయన వచ్చాడు. నేను పరుగెత్తబోతే అమ్మ నన్ను వెనక్కి లాగింది. మిషను ముందు నుంచి లేచి వెళ్లి గడపలో నిలబడి చేతులు జోడించింది. "నీకో దండం. వచ్చిన దోవనే పో. ఈ ఇంట్లో నీది ఏమీ ల్యా." అక్షరం పొల్లు పోలేదు. నాయన వచ్చిన దోవనే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ పూట నుంచి ఓనరవ్వతో నేను మాట్లాడటం మానేశాను.

పెద్దయ్యాక సూళ్లూరుపేట దగ్గర ఒక కంపెనీలో చేరాను. కంపెనీ బస్సులో అరవ పిల్లలు పాత సీరియళ్ల గురించి మాట్లాడుకుంటుంటే ఈ ముగింపు చెప్పాను. పగలబడి నవ్వారు. ఆమె మొగుణ్ణి పొమ్మనదట. తప్పంతా తనదేనని కాళ్ల మీద పడి, లోపలికి పిలిచి అన్నం పెడుతుందట.

సెలవు పెట్టి తిరుచానూరు వెళ్లాను. ఓనరవ్వ మెట్ల మీద చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఎందుకు అబద్ధం చెప్పినావ్ అవ్వా?"

"అబద్ధమేందే? ఆ కత రాసినోడు తప్పు రాసినాడు. నేను దిద్దినా."

"మా నాయన్ని పోగొట్టింది నువ్వే."

ఆమె చేతులు ఆగలేదు. "నేనొకసారి తలుపు తీసినా పాపా. మా ఆయన సచ్చేదాకా మళ్లా ముయ్యలేకపోయినా."

విసురుగా బయటికొచ్చాను. "గేటు మెల్లింగా వెయ్యే!" అని వెనక నుంచి అరిచింది. నాతో ఆమె అన్న చివరి మాట అదే.

నాయన్ని లేకుండా చేసినందుకు ఆమెను నేను క్షమించలేదు. ఆ మిషను ఇంట్లోనే ఉండబట్టి నేను చదువుకున్నాను, దానికి ఆమెకు ఎంత దండం పెట్టినా చాలదు. రెండూ ఒక్క మనిషే చేసింది, నా ఖర్మ. మీలో ఎవరైనా ఆ సీరియల్ చూసి ఉంటే అసలు ముగింపు మా అమ్మకు మాత్రం చెప్పకండి.

ఆ సాయంత్రం తెర కనబడక మెడ అటూ ఇటూ సాచానే గానీ, అడ్డం నిలబడ్డ మనిషి మొహం నేను పట్టించుకోలేదు. ఇప్పుడు అదే కళ్లముందు నిలుస్తోంది. వెనక టీవీ వెలుతురు, నడుం మీద చేతులు. తెర వైపు ఆమె చూడటమే లేదు. అంతమంది తలల మీదుగా, గోడ వార కూర్చున్న అమ్మ కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా నిదానంగా చెబుతోంది.