నల్లా నీళ్లు

పన్నెండేళ్లుగా ఒక తప్పును లోపలే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో రజిత, నేను ఒకే ల్యాబులో పరిశోధన చేసేవాళ్లం. మాది శ్రీరాంపూర్, బాపుది బొగ్గుగనిలో పని. రజిత వాళ్లింట్లో అందరూ మరమగ్గాల మీద నేసేవాళ్లే. కణంలోని మైటోకాండ్రియా పొరలు దాటి కాల్షియం అయాన్లు లోపలికి ఎలా వెళ్తాయో చూడటం మా పని. మైటోకాండ్రియా తీయడానికి పొద్దున్నే మేక కార్జం కొని, ఐసు నింపిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, అది పాడయ్యేలోపు ల్యాబుకు చేరాలని స్కూటీ మీద నవ్వుకుంటూ పరుగులు తీసేవాళ్లం. అందులోంచి వేరుచేసిన మైటోకాండ్రియాకు కాస్త కాల్షియం కలిపితే కంప్యూటర్ తెర మీద కాల్షియం గీత లేచేది. అవి దాన్ని లోపలికి తీసుకుంటుంటే మెల్లగా దిగేది. దిగిన ప్రతిసారీ రజిత చప్పట్లు కొట్టేది. ఎంత ఇష్టమో ఆమెకా పని!

ఒకసారి డిస్టిల్డ్ వాటర్ యంత్రం చెడిపోయింది. ఆ నీళ్లు పక్క విభాగం నుంచి మూడంతస్తులు మోసుకురావడం నా వంతు. బద్ధకించి క్యాను నల్లా కింద పెట్టాను. మా నల్లా నీళ్లలో ఎంత కాల్షియం ఉంటుందో నాకు తెలియదా? తెలుసు. రజిత ఆ నీళ్లతోనే తన ద్రావణాలన్నీ కలుపుకుంది.

గీత దిగలేదు. కాల్షియం మితిమీరితే మైటోకాండ్రియా ఉబ్బి పగిలిపోతాయి. రెండు వారాలు అంతే. ఒక మధ్యాహ్నం అడిగింది.

"గా నీళ్లు డిస్టిల్డ్‌వేనానే?"

"అవునే. నేనే తెచ్చిన గద."

"మరి గిట్లెందుకైతుంది? నా చెయ్యే మంచిగ లేదేమో."

ఆమె వెళ్లాక క్యాను పారబోసి, అసలైన డిస్టిల్డ్ వాటర్ మోసుకొచ్చి, నా ద్రావణాలు కలుపుకున్నాను. నా గీత దిగింది. మా గైడ్ సార్ ఇద్దరి గీతల కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ పని నీకు రాదమ్మా" అన్నారు ఆమెతో. నేనక్కడే ఉన్నాను. ఎందుకు నోరు తెరవలేదు? సార్ కోపానికి భయమా? లేక ఆమె నాకంటే చురుకైనదన్న కుళ్లు లోపలెక్కడో ఉండి, ఆ మౌనం నాకు హాయిగా అనిపించిందా? రెండోదే నిజమని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

నెల తిరక్కముందే రజిత మానేసింది. ఆమె అంశం నాకొచ్చింది. నేను డాక్టరేట్ తీసుకున్నాను.

పోయిన ఏడాది ఇచ్చోడలో ఒక బడి సైన్స్ ప్రదర్శనకు పిలిస్తే వెళ్లాను. రజిత అక్కడ టీచరు. నన్ను కావలించుకుని, పిల్లలకు చూపిస్తూ, "గీ మేడమ్ చెయ్యి పడితే ప్రయోగం చెడిపోదు. నాకే గా పని రాలే" అని నవ్వింది. పిల్లలు గాజునాళికలు పట్టుకున్నంతసేపూ తను దూరంగా నిలబడి నోటితోనే చెప్పింది. ఒక్కటీ ముట్టుకోలేదు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చాయ్ తాగి వచ్చేశాను.

ఈ కాగితం ఆమెకు పంపే ధైర్యం వస్తుందో రాదో. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆమె ప్రయోగాన్ని చెడగొట్టింది నేను. అడిగితే అబద్ధం చెప్పిందీ నేనే. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది. రాశాక ఊపిరి కాస్త తేలికైంది, అంతే.