రైసా పెత్రోవ్నా ఎర్ర పురుగు

రష్యా రేవు వ్లదివొస్తోక్‌లో సముద్రపు పురుగుల మీద పరిశోధన చేస్తూ వాటి బొమ్మలేసే రైసా పెత్రోవ్నా మూతి ఎప్పుడూ తాంబూలం వేసినట్టు ఎర్రగా ఉండేది. రంగు కుంచె మొన నాకడం ఆవిడ అలవాటు మరి. సముద్రం వెనక్కి తగ్గితే చాలు, మంచు కొరికేస్తున్నా కొత్త పురుగుల కోసం ఒడ్డున రాళ్లన్నీ తిరగేసేది. అలా ముసలితనంలో దొరికింది రిబ్బను లాంటి ఎర్ర పురుగు. బారెడుంది, బ్రహ్మదేవుడు కూడా చేసి మర్చిపోయినంత కొత్తది! చంపి స్పిరిట్‌లో దాస్తేనే శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టనిస్తారు, దాస్తేనేమో ఆ ఎరుపు పోతుంది. అందుకని ముందు బొమ్మ వేద్దామని కూర్చుంది, వేసిందల్లా చింపింది. గిన్నెలో నీళ్లలో ఉన్న పురుగేమో ఏం పెట్టినా ముట్టక, ఆకలికి తన ఒంటినే అరాయించుకుంటూ జానెడైంది, వేలెడైంది.

"స్పిరిట్‌లో ముంచెయ్యి పెత్రోవ్నా, పేరన్నా దక్కుద్ది!" అని గది ఊడ్చే ల్యూబా మొత్తుకుంది.

"రేపు ల్యూబా. ఎరుపింకా కుదర్లా."

కుదిరిన రోజున గిన్నెలో ఉత్త నీళ్లే ఉన్నాయి. పురుగు లేని బొమ్మకి పేరెవరిస్తారు? అయినా పొద్దున్నే ఆ గిన్నెలో నీళ్లు మారుస్తానే ఉంది, కుంచె ముట్టక వెలిసిపోయిన మూతితో.