పద్నాలుగు జవాబులు, ఒక్క ప్రశ్నా లేదు

ముందే చెబుతున్నా, టీ పూర్తయ్యేదాకా ఎవరూ నవ్వకూడదు. మా హాల్లో టీవీ పైన కొత్త ఫోటో చూశారు కదా? మా అమ్మాయి హాసిని గ్రాడ్యుయేషన్ ఫోటో. నల్ల గౌను వేసుకుని పిల్ల, ఒక పక్క పద్మ, ఇంకో పక్క పళ్ళికిలిస్తూ మన మూర్తి. నేను లేను. ఎందుకు లేనో మీకు తలా ఒక వెర్షన్ చేరే ఉంటుంది. ఒరిజినల్ నా దగ్గర వినండి!

నా జబ్బు మీకు తెలిసిందే. అమెరికా కోర్టులు. ఇక్కడ క్వీన్స్‌ల్యాండ్‌లో మనం పొద్దున లేచేసరికి అక్కడ కోర్టులు మూసే వేళ. కాఫీ గ్లాసు పట్టుకుని ఆ రోజు వాదనలన్నీ యూట్యూబ్‌లో వింటాను. పుట్టుకతో వచ్చే పౌరసత్వం కేసు, టారిఫుల కేసు, పెద్దాయన మీద కేసులు, పెద్దాయన వేసిన కేసులు. పేరు చెప్పను, చెబితే మీరూ ఇప్పుడే రెండు పార్టీలవుతారు. మా వీధిలో కౌన్సిలర్ ఎవరో నాకు తెలీదు గానీ, అక్కడ ఏ జడ్జిని ఎవరు నియమించారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మూర్తితో చెడింది కూడా అక్కడే. ఆగస్టులో లేక్ దగ్గర బార్బెక్యూ పెట్టుకున్నాం. ఒక్క జిల్లా జడ్జి దేశం మొత్తానికి ప్రెసిడెంట్ ఆర్డర్ ఆపొచ్చా, లేదా? ఆపొచ్చని నేను. కుదరదని వాడు. నా చేతిలో పట్టకారు, కింద ల్యాంబ్ చాప్స్ మాడిపోతున్నాయి. చివరికి, "నీలాంటివాళ్ళ వల్లే ప్రజాస్వామ్యం నాశనమైపోతోంది రా!" అనేశాను. పద్నాలుగేళ్ళ స్నేహం! ఇద్దరికీ అక్కడ ఓటు లేదు. వాడు ఆ దేశం చూసిందే లేదు. నేను ఒక్కసారి చూశాను, అదీ ట్రాన్సిట్‌లో, నాలుగు గంటలు.

ఆ రోజు నుంచీ మాటల్లేవు. ఇంకెవరైనా అయితే పోనీలే అనుకోవచ్చు. హాసిని కారు నేర్చుకుంటున్నప్పుడు లైసెన్సు కోసం లాగ్‌బుక్‌లో వంద గంటలు నింపాలి కదా, అందులో అరవై గంటలు పక్క సీట్లో కూర్చున్నది మూర్తే. నేను కూర్చుంటే అరుస్తానని పిల్ల నన్ను ఎక్కించుకోదు. సరే, అది వేరే కథ అనుకున్నాను అప్పుడు. కాదు, ఇదే కథ.

నవంబరులో నాకు జ్యూరీ సమన్లు వచ్చాయి. మన క్వీన్స్‌ల్యాండ్ కోర్టు నుంచి! కవరు చింపి చూసేసరికి నా ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు గ్యాలరీలో కూర్చుని మ్యాచ్ చూసినవాడిని ప్యాడ్లు కట్టుకోమన్నట్టు! ఆ సాయంత్రమే పది ఇళ్ళకి ఫోన్ చేశాను. మీలో సగం మందికి చేశాను, బుకాయించకండి.

పద్మ కాగితం తిరగేసి చూసింది. "ఏమండీ, డిసెంబరులో ఈ రెండు వారాలంటున్నారు. హాసిని గ్రాడ్యుయేషన్ ఇందులోనే పడుతోంది. మినహాయింపు అడగొచ్చని ఇక్కడే రాశారుగా. రాసి పడేయండి."

"పౌరుడి బాధ్యత పద్మా! అందరూ ఇలా తప్పించుకుంటే న్యాయం ఎవరు చేస్తారు?"

"రెండు వారాల్లో ఆ రోజే పిలిస్తే?"

"పిలవరు."

నాలుగేళ్ళు లా చదివిన నా కూతురు అక్కడే సోఫాలో కూర్చుని ఉంది. నేను నోట్‌బుక్ తీసి, లాయర్లు అడిగే ప్రశ్నలకి జవాబులు రాసుకోవడం మొదలుపెట్టాను. పోలీసుల మీద మీ అభిప్రాయం? మీ ఇంట్లో ఎవరైనా నేరానికి బలయ్యారా? అమెరికాలో ఒక్కో జ్యూరర్‌ని గంటలకొద్దీ అడుగుతారు, నాకు తెలీదూ! మొత్తం పద్నాలుగు జవాబులు.

హాసిని తొంగి చూసింది. "నాన్నా, దే డోంట్ ఆస్క్ యూ ఎనీథింగ్ హియర్. దట్స్ అమెరికా."

"నువ్వు పుస్తకాల్లో చదివావమ్మా. నేను మూడేళ్ళుగా చూస్తున్నాను."

అన్నాను. నిజంగా అన్నాను. లా డిగ్రీ చేతికొస్తున్న పిల్లతో అన్నాను. అది నా మొహం వంక ఒకసారి చూసి, ల్యాప్‌టాప్ మూసి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ, "జస్ట్ బీ దేర్ ఆన్ ద డే, నాన్నా," అంది. "తప్పకుండా," అన్నాను.

గ్రాడ్యుయేషన్ ముందు రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. రేపు ఎనిమిదిన్నరకి కోర్టుకి రావలెను. పద్మ ఆ మెసేజ్ చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. నేనే, "పది నిమిషాల పని, నన్ను తీసుకుంటే జడ్జికి చెప్పి వచ్చేస్తా. గ్రాడ్యుయేషన్ పదింటికి కదా. సౌత్ బ్యాంక్‌లో ఆ హాలు ఎంత దూరం, వంతెన దాటితే వచ్చేస్తుంది," అని ఏదేదో వాగాను. హాసిని గౌను తీసుకోవడానికి ముందే వెళ్ళిపోవాలి, పద్మకి సిటీలో డ్రైవ్ చేయడమంటే భయం. మరి ఎలా వెళ్తావని నేను అడగలేదు. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

డిసెంబరు ఎండలో సూటు, ఎర్ర టై, జేబులో నోట్‌బుక్. కోర్టులో ఫోన్లు ఆఫ్ చేయించారు. పదింటికి మమ్మల్నందరినీ కోర్టు రూములోకి తీసుకెళ్ళారు. డబ్బాలోంచి నంబర్లు తీస్తున్నారు. నా నంబరు పిలిచారు! ఠీవిగా నడిచాను. అటు లాయర్‌ని చూసి తల పంకించాను, ఇటు లాయర్‌ని చూసి చిరునవ్వు నవ్వాను. ఎంతో అనుభవం ఉన్నవాడిలా. ప్రమాణం చేసే చోటికి ఇంకా నాలుగు అడుగులున్నాయి.

"ఛాలెంజ్," అన్నాడు ఎడమవైపు లాయరు. తల కూడా ఎత్తలేదు.

అక్కడి ఉద్యోగి నెమ్మదిగా, "యూ కెన్ గో బ్యాక్, సర్," అన్నాడు. వద్దన్నారని అర్థమైంది. అర్థమైనా వెనక్కి తిరగలేదు.

"బట్ నోబడీ ఆస్క్‌డ్ మీ ఎనీథింగ్!" అన్నాను. పైకే అన్నాను. గట్టిగా అన్నాను.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆవిడ చాలా మర్యాదగా, "దే డోంట్ హ్యావ్ టు," అన్నారు. నాలుగు పదాలు! మూడేళ్ళ నా చదువు నాలుగు పదాల్లో అయిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పోనీ అప్పుడైనా వదిలారా? పన్నెండు మందీ, వాళ్ళలో ఎవరైనా రాలేకపోతే ఆ సీట్లో కూర్చోడానికి రిజర్వ్ జ్యూరర్లూ పూర్తయ్యేదాకా అక్కడే కూర్చోమన్నారు. నా తర్వాత థాంగ్స్, అదే హవాయి చెప్పులు, వేసుకుని, చెవికి పోగు పెట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. వాడిని ఎవరూ ఏమీ అనలేదు. దర్జాగా వెళ్ళి జ్యూరీలో కూర్చున్నాడు.

బయటపడేసరికి పదకొండు. ఫోన్ ఆన్ చేశాను. పద్మ నుంచి ఒకే ఒక్క మెసేజ్: "లైవ్ లింక్ పంపాను. చూసుకోండి."

వంతెన మీద పరిగెత్తాను. సూటులో, ఆ ఎండలో, యాభై రెండేళ్ళ వయసులో. హాలు తలుపులు మూసేశారు. బయట గోడకి పెద్ద టీవీ ఉంది. ఆయాసపడుతూ తలెత్తి చూస్తే స్టేజి మీద ఎవరో తెలియని పిల్లలు నడుస్తున్నారు. మా ఇంటిపేరు మొదటి వరసలోనే అయిపోయిందని తలుపు దగ్గర అమ్మాయి చెప్పింది. అక్కడ గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు.

తలుపులు తీశాక ముగ్గురూ బయటికొచ్చారు. మూర్తి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడు ఏడ్చాడన్నమాట, నా సీట్లో కూర్చుని, నా బదులు. రాత్రి హాసినే వాడికి ఫోన్ చేసి నా టికెట్ ఇచ్చిందట, పద్మని కార్లో తీసుకొచ్చిందీ వాడేనట. నాలుగు నెలల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా?

"టై బాగుంది రా."

ఫోటో అప్పటికే అయిపోయింది. ఫోటోగ్రాఫర్ మూర్తిని చూసి, "డాడ్, కొంచెం దగ్గరికి జరగండి," అన్నాడట. వీడు కాదని చెప్పబోతే హాసినే చెయ్యి పట్టుకుని లాక్కుందట. ఇప్పుడు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. తీసేయమని అడిగే మొహం నాకెక్కడిది? రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. కోర్టూ వద్దంది, ఇల్లూ ఆగలేదు.

మొన్న కొత్తగా వచ్చిన పక్కింటావిడ ఆ ఫోటో చూసి, మూర్తిని చూపించి ఎవరీయన అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే హాసిని, "రిజర్వ్ జ్యూరర్," అంది.

అమెరికాలో దాన్ని ఆల్టర్నేట్ జ్యూరర్ అంటారమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. టీతో పాటు మింగేశాను.