దర్జీ ఇంటి స్లాబు

అత్త పేరు మీద బయలుదేరిన సిమెంటు లారీని ఆమె సొంత బావగారే దారిలో ఆపి, తన కొట్టు ముందు దింపించుకున్నాడు. "ఎవరి కొట్టయితేనేం, అంతా ఒకే కుటుంబం కదా" అన్నాడట డ్రైవరుతో. సరుకు దొరకని రోజుల్లో కుటుంబం ఎంత పెద్దదైనా అవుతుంది.

మామయ్య పోయాక ఇనుము, సిమెంటు కొట్టు అత్తే నడుపుతోంది. ఎదురుగానే ఆ బావగారి కొట్టు, నాకు ఆయన పెద్ద మామయ్య. ఆ ఏడు ఫ్యాక్టరీలో బట్టీ ఆగింది, సరుకెక్కించే వ్యాగన్లు దొరకలేదు. ఫోను చేస్తే అటునుంచి వచ్చేది ఒకే మాట, రేపు. బస్తాలు పేర్చే చెక్కలు ఖాళీగా ఉండేవి. గోడ మీద బస్తాల ఆకారాలు మాత్రం సిమెంటు దుమ్ముతో తెల్లగా మిగిలాయి. మధ్యాహ్నపు ఎండలో ఆ దుమ్ము మెల్లగా లేచి, నిద్రలో నడిచే మనిషిలా కొట్టంతా తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఊళ్ళో ఎటు చూసినా గోడలు లేచి కప్పు పడని ఇళ్ళే. పనిలేక వాటిలో తిరిగేవాణ్ణి. ఒక్కో గదికి ఒక్కో ఆకాశం. వంటగదిలో మబ్బు, పడకగదిలో పిట్టలు. దర్జీ కుటుంబం అద్దె ఇల్లు ఖాళీ చేసి, అలాంటి ఇంట్లోనే ఒక మూల పట్టా కట్టుకుని ఉంటోంది. కుట్టుమిషన్‌కి దుప్పటి చుట్టి, వానలెప్పుడు దిగుతాయోనని పైకి చూస్తున్నారు. దారి మళ్ళిన లారీ వాళ్ళ స్లాబు కోసం తెప్పించిందే.

అంతకుముందోసారి కొరత వచ్చినప్పుడు అత్త ఉన్న సరుకు అందరికీ సమంగా పంచింది. స్లాబు మొదలుపెడితే ఆ రోజే ముగించాలి, సగంలో ఆపితే అతుకు దగ్గర నీరు కారుతుంది. తలా కొంచెం దొరికిన వాళ్ళెవరూ మొదలుపెట్టలేకపోయారు. చెమ్మకి బస్తాలన్నీ గడ్డకట్టాయి. "అందరికీ న్యాయం చేశాను అల్లుడూ, ఒక్కడికీ నీడ ఇవ్వలేదు" అని నవ్వేది.

ఈసారి ఇల్లిల్లూ తిరిగి, ఎవరి దగ్గరున్న బస్తాలు వాళ్ళు దర్జీ స్లాబుకి ఇమ్మని అడిగింది. కొత్త సరుకు వచ్చేకొద్దీ ఒక్కొక్కరికీ వంతు.

"నా వంతు వచ్చేలోపు నేను పోతే?" అన్నాడు రిటైరైన పోస్టుమాస్టరు.

"పోతే ఇక కప్పుతో పనేముంది బాబాయ్?"

ఆయన పగలబడి నవ్వి, దగ్గరుండి బస్తాలు బండికెత్తించాడు.

స్లాబు పొద్దున్నే మొదలైంది. మధ్యాహ్నం దాటాక మేస్త్రీ ఒక బస్తా కోసి, ఇంకోటి కోసి, అత్త వైపు చూశాడు. మిగిలినవన్నీ రాళ్ళైపోయి ఉన్నాయి. కప్పు అప్పటికి సగం దాటింది. దర్జీ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకు అత్తా" అన్నాను. ఆమె అప్పటికే వీధి మలుపు తిరిగింది.

పెద్ద మామయ్య కుర్చీలోంచి లేవలేదు. "ఇప్పుడు గుర్తొచ్చానా అమ్మాయ్?"

"మీరు మర్చిపోనిస్తేగా బావగారూ. స్లాబు ఆగిపోతోంది, బస్తాలు కావాలి."

"ఇస్తా. నేను లారీ కొట్టేశానని ఊరంతా అనుకుంటోంది. అది నాదేనని వీళ్ళందరి ముందూ చెప్పు, చాలు."

కొట్టు ముందు కూలీలు, కొనడానికొచ్చిన వాళ్ళు, అందరూ ఆమెనే చూస్తున్నారు. గాలిలో దుమ్ము కూడా ఆగినట్టే ఉంది.

"లారీ బావగారిదే" అంది అత్త. "పొరపాటున నా పేరు పడింది. ఎత్తండి నాయనా, త్వరగా."

పొద్దు వాలే వేళకి ఆ ఇంట్లో ఆకాశం పూర్తిగా మూసుకుంది. దర్జీ భార్య పచ్చి కప్పుని మోస్తున్న సెంట్రింగు కర్రల మధ్య నిలబడి, చీకటైన గదిని ఏదో కొత్త వస్తువుని చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. నేను మాత్రం పెద్ద మామయ్య కుర్చీ గురించే ఆలోచిస్తున్నాను.

అత్తని చివరిసారి కలిసింది పోస్టుమాస్టరు ఇంటికి స్లాబు పడ్డ మర్నాడు. ఇన్నాళ్ళూ లోపల కుతకుతలాడుతున్నది అడిగేశాను. "అందరి ముందూ అబద్ధం చెప్పించాడు. నీకు మంటగా లేదా అత్తా?"

"ఎందుకుండదు అల్లుడూ? ఆ మంట నాది, నా దగ్గరే ఉంటుంది. కప్పు వాళ్ళది. నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, బాబాయ్ ఒక్కడే పైన స్లాబు తడుపుతున్నాడు. వెళ్ళి ఓ చెయ్యి వెయ్యి."